దెబ్బ తిన్న రేకు

కుమాసీలో, సువామె మేగజీన్‌లో,
పాత లారీల ఎముకల గుట్టల వెనక
ఒంటి తలుపు రేకుల కొట్టు మాది.
మాది అంటే మేడమ్ అఫ్రాకోమాది.
నేనప్పటికి మూడు నెలల పనివాణ్ని.

హర్మటాన్ గాలికి ఊరంతా పిండిబొమ్మైన జనవరిలో
జోంగో నుంచి ఇద్రిసు తోపుడుబండి మీద
తన వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి
జ్వరమొచ్చిన పిల్లాణ్ని దించినట్టు దించాడు.
"తీగ కాలింది, అంతే" అన్నాడు.

తీగ గురించి అందరికీ తెలుసు.
రాగి మెరుస్తుంది, రాగికి బజార్లో ధర ఉంది,
దొంగలు కూడా రాగి కోసమే వస్తారు.
లోపలి ఇనుముని ఎవరు పలకరిస్తారు?

తీగ ఊడదీశాక బయటపడ్డాయి
మూడు పళ్ల దువ్వెనల్లాంటి రేకులు,
వాటి నోళ్లు మూసే పుల్లల్లాంటి రేకులు,
గోరు మందం, ఒక్కోదానికీ వార్నిష్ పొర.
"ఒకే దిమ్మ పెడితే పోలా?" అన్నాను.
"దిమ్మలో కరెంటు సుడి తిరుగుతుంది.
ఊరికే తిరిగి తిరిగి ఒళ్లు కాలబెడుతుంది.
అందుకే పొరలు. పక్కపక్కనే ఉండాలి,
ఒకరి మీద ఒకరు రుద్దుకోకూడదు."
కాస్త ఆగి,
"మా ఆయన వాళ్లింట్లో ఇది ఎవరికీ తెలీదు" అంది.

ఆమె వార్నిష్ కొనడానికి వెళ్లిన పూట
రేకులు వంకరగా కనిపించాయి నాకు.
సుత్తి తీశాను. రాయి మీద పెట్టి
ఒక్కటీ వదలకుండా సాపు చేశాను.
పేర్చితే గోడలా కూర్చున్నాయి.
నిజం చెప్పొద్దూ, గర్వపడ్డాను.

కొత్త తీగ చుట్టి నాలుగో రోజు స్విచ్ వేస్తే
ఏ పనీ చెప్పకముందే తాగడం మొదలెట్టింది.
మీటరు ముల్లు మీదికి పాకింది.
గానుగలా మూలిగింది.
మేడమ్ అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది.
అంతా విప్పి, ఒక రేకు ఎండకి వంచి చూసింది.
నెలవంకలు, నెలవంకలు, సుత్తి అంచువి.
తర్వాత నా చేతి వంక చూసింది.

నేను ముందే తల వంచాను.
ఇంతకు ముందు చేసిన టైర్ల కొట్టులో
తప్పుకి లెక్క ఉండేది, రబ్బరు గొట్టంతో నాలుగు.
వీపుకి ఎవరూ చెప్పక్కర్లేదు,
తనంతట తనే బిగుసుకుంటుంది.

దెబ్బ రాలేదు.
"ఇది సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ మళ్లాలి.
దెబ్బ తిన్నది మళ్లదు. మొరాయిస్తుంది.
మళ్లించబోయే కొద్దీ కాగుతుంది.
చూడ్డానికి సాపే."
సుత్తి తీసుకెళ్లి పై అరలో పెట్టింది.

ఆ రాత్రి రేకులన్నీ మూతున్న డబ్బాలో పెట్టి
బొగ్గుల గుంటలో, పామాయిల్ రంగు వచ్చేదాకా కాల్చాం.
బూడిద కప్పాం. నీళ్లు చల్లకూడదు, మూత తియ్యకూడదు,
"అయిందా?" అని కూడా అడక్కూడదు.
గుంట పక్కనే పడుకున్నాను.
తెల్లారి వీపు వెచ్చగా ఉంది, ఒక వైపు.

రేకు రేకుకీ వార్నిష్ పూసి
దండెం మీద చేపల్లా ఆరేశాం.
బడి గేటు పని ఆగిపోయిందని ఇద్రిసు రోజూ వచ్చి తిట్టాడు.
ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి,
కీలు మీద కీలు పడకుండా పేర్చాను.
ఈసారి మేడమ్ చూడను కూడా లేదు.

స్విచ్ వేసింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.
చెవి ఆనిస్తే తప్ప వినపడని సన్నటి జుమ్ము.
ఇద్రిసు నోట్లు లెక్కపెడుతుండగా
వీధి వీధంతా ఆరిపోయింది.
దుమ్‌సోర్ అంటారు మా దగ్గర,
ఆరడం వెలగడం ఒకే మాటలో.

చీకట్లో ఇనుముని తడిమాను.
ఒక కీలు దగ్గర ఆకురాయి రజను, రెండు నలుసులు.
ఊదాను. రాలలేదు.
"కరెంటు పోయింది కదా, ఇంకా పట్టుకునుందేం?"
"కొంచెం ఉంటుంది," అంది మేడమ్,
"ఎంత బాగా కాల్చినా.
దానికి భయపడకు. అగ్గిపెట్టె ఎక్కడుందో చూడు."